చెవిలో ఆగని మోతకి చికిత్స ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళి ఊరేగింపులో డీజే బండి పక్కనే గంటన్నర నడిచాను. ఇంటికొచ్చి పడుకున్నాక కుడి చెవిలో సన్నగా కీ... అంటూ ఒక మోత మొదలైంది. పొద్దున్నకి పోతుందిలే అనుకున్నా, పోలేదు. మూడో రోజు రాత్రి రెండింటికి లేచి, ఆ చప్పుడు ఇన్వర్టర్‌దే అనుకుని దాన్ని ఆపేశాను, తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు పీకాను, తర్వాత వైఫై డబ్బా ఆపాను, చివరికి బాల్కనీలోకి వెళ్ళి నిలబడితే అక్కడా అదే మోత. అది ఇంట్లోది కాదు, నాలోదే అని అర్థమైన ఆ క్షణంలో కాళ్ళు వణికాయి.

ఆ మోత ఇప్పటికీ ఉంది, ఇది రాస్తుంటే వినిపిస్తోంది. కానీ చాలా రోజులు అది ఉన్న సంగతే గుర్తుండదు. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చానని బంధువులు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు అడుగుతూనే ఉంటారు, ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. ఈఎన్‌టీ డాక్టర్లని, ఆడియాలజిస్టులని విసిగించి తెలుసుకున్నది, వైద్య సంఘాల సూచనలు చదివి అర్థం చేసుకున్నది రాస్తున్నాను.

బయట ఏ చప్పుడూ లేకపోతే ఈ మోత ఎక్కణ్ణుంచి వస్తోంది?

దీన్ని వైద్యంలో టిన్నిటస్ అంటారు. గుయ్ మనడం, కీచురాళ్ళ మోత, సముద్రపు హోరు, కుక్కర్ ఆవిరి, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, అన్నీ ఇదే. ఇది ఒక లక్షణం, జబ్బు పేరు కాదు. జ్వరం ఎలాగో ఇదీ అలాగే, వెనకాల కారణం వెతకాలి.

లోపలి చెవిలో చప్పుడుని పట్టుకునే వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, ఒక్కో చెవిలో సుమారు 15,000. పెద్ద శబ్దాల వల్లో, వయసు వల్లో, కొన్ని మందుల వల్లో అవి పోతే మళ్ళీ పుట్టవు. అవి పంపాల్సిన సంకేతం తగ్గేసరికి మెదడు తన వైపు నుంచి వాల్యూమ్ పెంచుతుంది. పాత రేడియోలో స్టేషన్ సరిగా తగలనప్పుడు వాల్యూమ్ పెంచితే పాటకి బదులు బుస్సుమని హోరొస్తుంది చూడండి, దాదాపు అలాంటిది. పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. అంటే మోత చాలావరకు చెవిలో మొదలై మెదడులో నిలబడుతుంది. అందుకే చెవిలో పోసే చుక్కలతో ఇది పోదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే తర్వాత రాసేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

నాకొక్కడికే ఇలా అవుతోందా?

కాదు. 2022లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ లెక్కన ప్రపంచంలో పెద్దవాళ్ళలో దాదాపు 14 శాతం మందికి, అంటే 74 కోట్ల మందికి పైగా ఈ మోత అనుభవమే. అందులో తీవ్రంగా బాధపడేవాళ్ళు 12 కోట్లకి పైనే.

ఇంకో సంగతి చెప్పాలి. చిన్నప్పుడు మా అమ్మమ్మ మా రెండు చెవులూ అరచేతులతో మూసి, "వినబడుతోందా? రావణకాష్ఠం ఇంకా కాలుతూనే ఉంది" అనేది. నిజంగానే హోరు వినిపించేది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపించిందని చెప్పారు. కాబట్టి పూర్తి నిశ్శబ్దంలో ఏదో మోత వినపడటం దాదాపు అందరికీ ఉన్నదే. మనకి అది మరీ పైకి వచ్చింది, పైగా మనం దాన్ని చూసి భయపడ్డాం.

ఏ లక్షణాలుంటే ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి?

మిగతావి చదవకపోయినా ఇది మాత్రం చదవండి.

ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వినపడటం తగ్గిపోయి దాంతోపాటు మోత మొదలైతే అది ఎమర్జెన్సీ. జలుబు చేసిందేమో, చెవి బిగిసిందేమో అని వారం రోజులు ఆవిరి పడుతూ కూర్చోకండి. దీనికి స్టెరాయిడ్లు ఇస్తారు, అవి మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ, ఎంత ముందైతే అంత మంచిది. మాకు తెలిసినాయన ఒకరు "పండగ వెళ్ళాక చూపించుకుందాం" అని నెల ఆగాడు, ఆ చెవి తిరిగి రాలేదు.

మోత గుండె కొట్టుకున్నట్టు లయగా డుబ్ డుబ్ మంటుంటే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని రెండూ కలుస్తున్నాయేమో చూడండి. కలిస్తే అది మామూలు మోత కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం దగ్గర్నుంచి మెడలో, తలలో రక్తనాళాల సమస్యల దాకా కారణాలుంటాయి, స్కానింగ్ అవసరమవుతుంది. ముఖ్యంగా బరువు ఎక్కువున్న ఆడవాళ్ళలో ఇలాంటి మోతతోపాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే తల లోపల ఒత్తిడి పెరిగిందేమో చూడాలి, కంటి డాక్టర్ కూడా పరీక్ష చేయాలి. వదిలేస్తే చూపుకే ప్రమాదం.

ఒకే చెవిలో ఎన్నాళ్ళుగానో మోత ఉండి ఆ వైపు వినికిడి కూడా తగ్గుతుంటే, మూతి పక్కకి లాగితే, కళ్ళు తిరిగి పడిపోతుంటే, తలకి దెబ్బ తగిలాక మొదలైతే, చెవిలోంచి చీము గానీ రక్తం గానీ వస్తుంటే, వీటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం వద్దు.

ముందు ఎవరికి చూపించాలి? ఏం పరీక్షలు చేస్తారు?

ఈఎన్‌టీ డాక్టర్‌కి. ఆయన చెవిలోకి లైటు వేసి గులిమి, కర్ణభేరి చూస్తారు. తర్వాత ఆడియాలజిస్టు దగ్గర వినికిడి పరీక్ష, అదే ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ. గాజు తలుపున్న చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినగానే బటన్ నొక్కమంటారు. మోత ఉన్నవాళ్ళకి ఇక్కడ తికమకే, వచ్చింది మిషన్ చప్పుడా మనదా అని, అది వాళ్ళకి ముందే చెప్పండి, చప్పుడుని ఆపి ఆపి ఇస్తారు. నా కాగితంలో గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కిందికి దిగింది. పెద్ద శబ్దం వల్ల చెవి దెబ్బతింటే సాధారణంగా ఆ చుట్టుపక్కలే గుంట పడుతుందని ఆడియాలజిస్టు వేలుపెట్టి చూపించింది.

మాకు దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో మొదటిసారి నాకు ఈ పరీక్ష చేయకుండానే మూడు నెలలకి మాత్రలు రాసి పంపించారు. మీకూ అలా జరిగితే, "ముందు ఆడియోమెట్రీ చేయించండి" అని మీరే అడగండి. మొహమాటపడొద్దు.

ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. ఒకవైపే మోత, రెండు చెవుల వినికిడిలో తేడా, నరాల లక్షణాలు ఉంటేనే. ఒకవైపు మోతకి అరుదుగా వినికిడి నరం మీద గడ్డ కారణం కావచ్చు, సాధారణంగా క్యాన్సర్ కాని గడ్డే, అది లేదని తేల్చుకోవడానికే ఆ స్కాన్.

గులిమి వల్ల కూడా వస్తుందా? ఇంట్లో తీసుకోవచ్చా?

వస్తుంది, మోతకి ఉన్న కారణాల్లో ఇదే అదృష్టం ఉన్న కేసు, గులిమి తీయగానే చాలాసార్లు మోత పోతుంది. కానీ పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, ఇయర్ బడ్స్, ఏవీ వద్దు. అవి గులిమిని లోపలికి తోస్తాయి, కర్ణభేరికి చిల్లు పెట్టగలవు. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం మన ఇళ్ళలో మామూలే గానీ, కర్ణభేరికి చిల్లుందో లేదో తెలియకుండా ఏదీ పోయకూడదు. చెవిలో కొవ్వొత్తి వెలిగించే పద్ధతి ఒకటి ఉంది, దాంతో కాలిన గాయాలు తప్ప లాభం లేదు.

దీన్ని పూర్తిగా తగ్గించే మాత్ర ఏదీ లేదా?

లేదు. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది, మొదట్లో నేనూ ఆ ఒక్క మాత్ర కోసమే ఊళ్ళన్నీ తిరిగాను. ప్రత్యేకంగా టిన్నిటస్‌కే అంటూ అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ ఆమోదించిన మందు ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

మరి డాక్టర్లు రాసేవి ఏంటి? బీటాహిస్టిన్ బాగా రాస్తారు. అది మెనియర్స్ అనే జబ్బులో కళ్ళు తిరగడానికి వాడే మందు, ఒట్టి మోతకి ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2020లో స్పష్టంగా చెప్పింది. జింకో బిలోబా, మెలటోనిన్, జింక్ వంటివి టిన్నిటస్‌కి సిఫారసు చేయొద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లోనే రాసింది. మన దేశంలో రాసే కారోవెరిన్‌కి కూడా గట్టి ఆధారం లేదు. బీ12 తక్కువని రక్తపరీక్షలో తేలితే వేసుకోవాల్సిందే, అది ఒంటికి అవసరం, కానీ మోత పోతుందనే ఆశతో సంవత్సరాల తరబడి మింగడంలో అర్థం లేదు.

క్లోనజెపాం లాంటి నిద్ర మాత్రల గురించి జాగ్రత్త. వేసుకున్న రాత్రి హాయిగానే ఉంటుంది. తర్వాత అలవాటుపడి, మానేస్తే నిద్రపట్టక మోత ఇంకా పెరిగినట్టుంటుంది, పెద్దవాళ్ళయితే రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడతారు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

డిప్రెషన్ మందులు మోతని ఆపవు. కానీ మోతతోపాటు డిప్రెషన్ కూడా ఉంటే దానికి వైద్యం చేయించుకోవాలి, అది తగ్గితే మోతని భరించే శక్తి పెరుగుతుంది. ఇక్కడ మందు పనిచేసేది మనసు మీద, చెవి మీద కాదు.

నేను వేరే జబ్బుకి వాడే మందుల వల్ల వచ్చిందేమో?

కావచ్చు. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, మలేరియాకి వాడే క్వినైన్, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్, పెద్ద మోతాదులో నరానికి ఇచ్చే ఫ్యూరోసెమైడ్, ఇవి చెవి మీద పనిచేస్తాయి. కొన్నిటి ప్రభావం మందు ఆపితే పోతుంది, కొన్నిటిది ఉండిపోతుంది. గుండెకి రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్‌ని ఇది చదివి మానేయకండి, ఆ మోతాదు వేరు. ఏ మందైనా రాసిన డాక్టర్‌ని అడిగాకే.

వినికిడి తక్కువుందన్నారు. మిషన్ పెట్టుకుంటే మోత తగ్గుతుందా?

చాలామందికి తగ్గుతుంది. నా ఉద్దేశంలో మన దగ్గర అందరూ తప్పించుకు తిరిగే చికిత్సా ఇదే, బాగా పనిచేసేదీ ఇదే.

మా మేనమామ ముప్ఫై ఏళ్ళు రైస్ మిల్లులో పనిచేశాడు. రెండు చెవుల్లో కీచురాళ్ళ మోత, దాంతో అందరి మీదా చిరాకు. మిషన్ అంటే "ముసలాణ్ణయ్యానని ఊరంతా చాటాలా" అని నాలుగేళ్ళు ఒప్పుకోలేదు. చివరికి అత్తయ్య పోరు పడలేక వచ్చాడు. ఆడియాలజిస్టు రెండు చెవులకీ మిషన్లు పెట్టి, కంప్యూటర్‌లో ఏదో సర్ది, "ఇప్పుడెలా ఉందండీ" అంది. ఆయన జవాబు చెప్పకుండా చేతిలో ఉన్న రిపోర్టు కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "కాగితానికి ఇంత చప్పుడుంటుందే!" అన్నాడు. కాసేపటికి ఆమె, "మరి మోత?" అని అడిగితే తల పక్కకి వంచి వెతుక్కున్నాడు. ఉంది గానీ వెనక్కి వెళ్ళింది అన్నాడు.

కారణం ముందు చెప్పిన రేడియో సంగతే. స్టేషన్ మళ్ళీ తగిలితే మెదడు వాల్యూమ్ పెంచుకోవాల్సిన పని తగ్గుతుంది, పైగా చుట్టూ ఉన్న చిన్న చప్పుళ్ళు మోతని కప్పేస్తాయి. రాత్రి మిషన్ తీశాక మోత తిరిగి వస్తుంది, అది మామూలే.

కొనేటప్పుడు కొన్ని చూసుకోండి. రెండు చెవుల్లోనూ లోపం ఉంటే సాధారణంగా రెండిటికీ పెట్టుకోవాలి. మీ పరీక్ష రిపోర్టు ప్రకారం ప్రోగ్రాం చేసిన మిషనే కావాలి, ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి దొరికేవి ఒట్టి యాంప్లిఫయర్లు, అన్ని చప్పుళ్ళనీ ఒకేలా పెంచి చెవికి కీడు చేయొచ్చు. ట్రయల్ ఇస్తారేమో అడగండి. మొదటి రెండు వారాలు గిన్నెల చప్పుడుకే ఉలిక్కిపడతారు, అప్పుడే తీసి బీరువాలో పెట్టేయకండి. కనీసం ఒకటి రెండు నెలలు రోజంతా పెట్టుకోవాలి.

వినికిడి బాగానే ఉంది, మోత మాత్రం ఉంది. ఇంట్లో ఏం చేయొచ్చు?

నిశ్శబ్దాన్ని తగ్గించండి. చీకటి గదిలో చిన్న దీపం కూడా కళ్ళలో పొడుస్తుంది, అదే దీపం పగటి వెలుతురులో కనపడదు. ఫ్యాను, కూలర్, చిన్నగా పెట్టిన వాన చప్పుడు, అలల చప్పుడు, ఏదైనా సరే మీకు నచ్చేది. ఫోన్‌లో ఉచిత యాప్‌లు బోలెడు. పాటలు, వార్తలు వద్దు, మనసు వాటి వెంట పోతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మోత పూర్తిగా వినపడకుండా పోయేంత గట్టిగా పెట్టడం. అలా కాదు, మోత కొంచెం వినపడుతూ రెండూ కలిసిపోయేంత చాలు. మోతని మూసేస్తే మెదడు దానికి అలవాటుపడే అవకాశమే ఉండదు.

సీబీటీ అంటున్నారు. అంటే నాకు పిచ్చి అనుకుంటున్నారా?

కాదండీ. సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మన ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స. ఈ అపోహ వల్లే చాలామంది ఉన్నవాటిలో గట్టి ఆధారం ఉన్న చికిత్సని వదులుకుంటున్నారు. 2020లో వైద్య పరిశోధనలని సమీక్షించే కాక్రేన్ సంస్థ 28 అధ్యయనాలు కలిపి చూసి, సీబీటీ వల్ల టిన్నిటస్ పెట్టే బాధ తగ్గుతుందని తేల్చింది. మోత ఎంత గట్టిగా ఉందన్నది దీంతో మారకపోవచ్చు, అది మన రోజుని ఎంత తినేస్తుందన్నది మారుతుంది. నా అనుభవమూ అదే.

ఎలా జరుగుతుందో నాది చెబుతాను. పొద్దున్న కళ్ళు తెరవగానే మోత, వెంటనే లోపల ఒక మాట, "ఈ రోజు కూడా పోయింది." సైకాలజిస్టు ఆ మాటని నోట్‌బుక్‌లో రాయమంది. పక్కన, నిన్న మోత ఉండగానే నేను చేసిన పనులు రాయమంది. రాశాను: టమాటా పప్పు చేశాను, గ్యాస్ ఆఫీసుకి వెళ్ళొచ్చాను, మా అక్క కూతురితో అష్టాచెమ్మా ఆడి ఓడిపోయాను, ఆటలో నవ్వుతున్నప్పుడు మోత గుర్తే లేదు. ఆ జాబితా చూసి చాలాసేపు మాట్లాడలేదు నేను. రోజు పోలేదు, నేనే పోయిందనుకున్నాను. ఇలాంటివే ఎనిమిది పది సిట్టింగులు, వాటితోపాటు ఊపిరి, కండరాలు వదులు చేసుకునే అభ్యాసాలు, నిద్ర వేళలు.

భయపడితే మెదడు ఆ చప్పుడుని ప్రమాదం కింద రాసుకుంటుంది, ప్రమాదం కాబట్టి కాపలా కాస్తుంది, కాపలా కాస్తుంది కాబట్టి ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆ గొలుసు తెంచడమే పని. తెలుగులో మాట్లాడే క్లినికల్ సైకాలజిస్టునే వెతుక్కోండి, మనసులో మాట ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పుకోవడం కుదరదు.

టీఆర్‌టీ అంటే?

టిన్నిటస్ రీట్రెయినింగ్ థెరపీ. జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త 1990లో ప్రతిపాదించిన నమూనా మీద ఆధారపడింది. చెవిలో సన్నటి చప్పుడిచ్చే పరికరం, దాంతోపాటు విడమరిచి చెప్పే కౌన్సెలింగ్, రెండూ కలిపి ఏడాది ఏడాదిన్నర నడుస్తుంది. కొందరికి బాగా పనికొస్తుంది. కౌన్సెలింగ్ లేకుండా పరికరం ఒక్కటే అమ్మితే తీసుకోకండి.

నాలుక మీద కరెంటు పెట్టే మిషన్ వచ్చిందట కదా?

అవును, లెనైర్ అని ఐర్లాండ్ కంపెనీది. హెడ్‌ఫోన్‌లో చప్పుళ్ళు, నాలుక మీద సన్నటి విద్యుత్ స్పందనలు ఒకేసారి ఇస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ 2023 మార్చిలో అనుమతించింది. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్ళు అక్కడి ఆడియాలజిస్టుని అడగొచ్చు. ఖరీదైనది, అందరికీ పనిచేయదు, వినికిడి పరీక్ష, సీబీటీ లాంటివి చూడకుండా నేరుగా దీనికి పరుగెత్తొద్దు. తలకి అయస్కాంత తరంగాలు ఇచ్చే చికిత్సని మాత్రం టిన్నిటస్‌కి మామూలుగా వాడొద్దనే 2014 అమెరికా మార్గదర్శకం చెప్పింది.

ఆపరేషన్ చేసి ఆ నరం కోసేస్తే?

మోత నిలబడేది మెదడులో కదా. నరం కోస్తే వినికిడి మొత్తం పోతుంది, చాలామందికి మోత మాత్రం అలాగే మిగులుతుంది. కారణం దొరికినప్పుడే ఆపరేషన్. చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోయే ఓటోస్క్లెరోసిస్, కర్ణభేరి చిల్లు, రక్తనాళాల తేడా లాంటివి. పూర్తిగా చెవుడు వచ్చినవాళ్ళకి వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం వల్ల చాలామందికి మోత కూడా తగ్గుతుంది.

ఆయుర్వేదం, ఆక్యుపంక్చర్, ప్రాణాయామం?

సుశ్రుత సంహితలో చెప్పిన 28 చెవి రోగాల్లో ఈ కర్ణనాదం కూడా ఉంది, అంటే మనవాళ్ళకి ఈ బాధ ఎప్పట్నుంచో తెలుసు. కర్ణపూరణం అని చెవిలో గోరువెచ్చటి నూనె నింపుతారు, చేయించుకోవాలంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్ చేత కర్ణభేరి చూపించుకుని వెళ్ళండి. పేరు లేని పొట్లాలు, భస్మాలు వద్దు, కొన్నిటిలో సీసం, పాదరసం బయటపడ్డాయి. ఆక్యుపంక్చర్ పనిచేస్తుందనీ చెయ్యదనీ తేల్చడానికి ఆధారాలు చాలవు. భ్రామరి ప్రాణాయామం నేను పడుకునే ముందు చేస్తాను, ఆ ఝుంకారం ఉన్నంతసేపు మోత దానిలో కలిసిపోతుంది, ఒళ్ళు తేలికపడుతుంది. మోతకి మందుగా కాదు, ప్రశాంతత కోసం.

"వారంలో మాయం, గ్యారంటీ" అని బోర్డు పెట్టిన ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ఏ వైద్యమైనా సరే.

కాఫీ, ఉప్పు మానేయాలా?

అందరికీ అక్కర్లేదు. కాఫీ ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు వచ్చి మోతే ఎక్కువ అనిపిస్తుంది. తాగినప్పుడల్లా పెరుగుతోందని మీకు రూఢిగా తెలిస్తే మెల్లగా తగ్గించండి. మెనియర్స్ ఉన్నవాళ్ళకి మాత్రం డాక్టర్లు ఉప్పు తగ్గించమంటారు, అంటే ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు కూడా లెక్కలోకొస్తాయి. బీపీ, షుగర్ చూపించుకోండి.

చెవులు కాపాడుకోవాలని రోజంతా దూది పెట్టుకుంటున్నా. మంచిదేనా?

కాదు. మామూలు చప్పుళ్ళని కూడా ఆపేస్తే మెదడు ఇంకా వాల్యూమ్ పెంచుతుంది, తర్వాత స్టీలు గ్లాసు చప్పుడు కూడా భరించలేని స్థితి వస్తుంది. చెవి ప్లగ్గులు పెద్ద చప్పుడు దగ్గర మాత్రమే: డీజే, నిమజ్జనం, దీపావళి, మిల్లు, డ్రిల్లింగ్ మిషన్. దూది ఎందుకూ పనికిరాదు, ఫోమ్ ప్లగ్గులు కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఇయర్‌ఫోన్ల సంగతైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది: 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు, 90కి వెళ్తే 4 గంటలే, 100కి వెళ్తే వారం మొత్తానికి 20 నిమిషాలు. ఊరేగింపులో స్పీకర్ ముందు నిలబడితే ఆ వారం కోటా మొదటి నాలుగు పాటల్లోనే అయిపోతుంది. పెళ్ళిళ్ళలో పసిపిల్లల్ని ఎత్తుకుని స్పీకర్ల పక్కన నిలబడేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, పక్కకి తీసుకెళ్ళమని అడుగుతాను, కొందరు కోప్పడతారు, అయినా అడుగుతాను.

రాత్రుళ్ళు భరించలేకపోతున్నా, బతకాలని లేదు.

ఈ మాట మీ నోట వచ్చిందంటే ఇప్పుడే, ఈ రాత్రే ఎవరికైనా చెప్పండి. ఇంట్లోవాళ్ళని లేపండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే 108. మొదటి నెలల్లో నాకూ అలాంటి రాత్రి ఒకటి వచ్చింది. మా అక్కకి ఫోన్ చేశాను, తను ఏమీ చెప్పలేదు, తెల్లారేదాకా లైన్‌లో ఉంది. మొదటి నెలల్లో ఉన్న తీవ్రత చాలామందికి అలాగే ఉండిపోదు. సైకియాట్రిస్టుని కలవడానికి ఆలస్యం చేయకండి.

డబ్బు లేదు. ఎక్కడికి వెళ్ళాలి?

హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి పరీక్షలు చేస్తారు. ఆదాయ పరిమితికి లోబడినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద వినికిడి మిషన్లు ఇస్తారు, ఏ కాగితాలు కావాలో ముందే కనుక్కుని వెళ్ళండి. పాత రిపోర్టులు, వాడే మందుల చీటీలు ఒక కవర్లో పెట్టుకోండి.

ఎన్నాళ్ళకి అలవాటవుతుంది?

కొత్తగా వచ్చిన మోత కొందరికి వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆరు నెలలు దాటినదాన్ని దీర్ఘకాలికం అంటారు, ఆ తర్వాత కూడా అలవాటుపడటం ఆగదు. నాకు ఏడాది పైనే పట్టింది. రైలు పట్టాల పక్క ఇంట్లో ఉండేవాళ్ళకి రాత్రి బండి వెళ్ళిందో లేదో తెలియదు కదా, చెవి వింటుంది, మెదడు పట్టించుకోదు. నిద్ర చాలనప్పుడు, జలుబు చేసినప్పుడు, టెన్షన్ ఉన్నప్పుడు మళ్ళీ నాలుగు రోజులు పైకి లేస్తుంది. మొదటికొచ్చిందని కంగారుపడొద్దు, దిగుతుంది.

మా ఆయనకి ఉంది. ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి?

"ఇంకా వినిపిస్తోందా" అని రోజూ అడగకండి, అడిగిన ప్రతిసారీ ఆయన లోపలికెళ్ళి వెతుక్కోవాలి. "మాకెవరికీ వినపడట్లేదు, నీ భ్రమ" అని మాత్రం అస్సలు అనకండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళండి, అక్కడ సగం మాటలు భయంలో చెవికెక్కవు. భోజనాల దగ్గర టీవీ కట్టేసి ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఇంకొకటి, చలికాలంలో ఫ్యాను. మా ఇంట్లో పుష్యమాసం చలిలో కూడా ఒకటో నంబరు మీద తిరుగుతూనే ఉంటుంది. అమ్మ మొదటి ఏడాది రాత్రి నేను పడుకున్నాక వచ్చి ఆపేసేది, ఆపిన నిమిషానికి నాకు మెలకువ వచ్చేది. ఇప్పుడు ఆపడం లేదు. రెండో దుప్పటి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్తోంది.